అసైలం వేస్తే ఆరు నెలల్లో వర్క్ పర్మిట్ వస్తుందంటున్నారు, డబ్బు పంపమంటారా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. గాజువాక నుంచి స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఒక పెద్దాయన అడిగారు. వాళ్ళబ్బాయి 2022 ఆగస్టులో ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద డాలస్ వెళ్ళాడు. ఎం.ఎస్. అయింది, ఓపీటీలో (చదువయ్యాక కొంతకాలం పనిచేసుకునే అనుమతి) సరైన ఉద్యోగం దొరకలేదు, రెండో మాస్టర్స్‌లో చేరాడు. అంతలో తండ్రికి బైపాస్ ఆపరేషన్. ఆ టర్మ్ ఫీజు కట్టలేకపోయేసరికి కాలేజీవాళ్ళు సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల స్టేటస్ చూపే ప్రభుత్వ రికార్డు) రద్దు చేశారు. ఇది జరిగి నాలుగు నెలలు. ఇప్పుడు అక్కడ ఒక కన్సల్టెంట్ తగిలాడు. 6,000 డాలర్లు ఇస్తే అసైలం (శరణు) దరఖాస్తు వేస్తాను, కథ కూడా నేనే రాస్తాను, ఆరు నెలల్లో వర్క్ పర్మిట్ చేతికొస్తుంది, కేసు తేలడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది, ఈలోగా నాలుగు డబ్బులు వెనకేసుకోవచ్చు అంటున్నాడట. "పంపమంటారా? పంపకపోతే డిపోర్ట్ చేసేస్తారా? సంకెళ్ళు వేసి పంపిస్తారని టీవీలో చూసి మా ఆవిడ సరిగా అన్నం తినడం లేదు" అని రాశారు.

అన్నగారూ, ముందు ఆ డబ్బు పంపకండి. మిగతాది నెమ్మదిగా చెబుతాను.

నేను లాయర్ని కాను. న్యూజెర్సీలో 19 ఏళ్ళు తెలుగు దుభాషిగా పనిచేసి, ఇప్పుడు విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటున్నాను. ఇమిగ్రేషన్ కోర్టుల్లో, అసైలం ఇంటర్వ్యూల్లో మనవాళ్ళు చెప్పింది ఇంగ్లీషులోకి, వాళ్ళు అడిగింది తెలుగులోకి మార్చడం నా పని. అంటే గదిలో ఇరువైపుల మాటా పూర్తిగా అర్థమయ్యేది నాకొక్కడికే, మాట్లాడే హక్కు లేనిదీ నాకే. కింద చెప్పే మనుషుల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను.

మీ కన్సల్టెంట్ చెప్పినదాంట్లో ఒక్క ముక్క నిజం ఉంది. అసైలం దరఖాస్తు, అంటే ఐ-589 ఫారం, వేసిన 150 రోజులకి వర్క్ పర్మిట్‌కి అడగవచ్చు, 180 రోజులు నిండాక ఇవ్వొచ్చు. ఈ ఒక్క ముక్కని పట్టుకునే ఊరూరా వ్యాపారం నడుస్తోంది. అతను చెప్పనివి చాలా ఉన్నాయి.

అసైలం అంటే కష్టాల్లో ఉన్నవాడికి ఇచ్చే వీసా కాదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందం, దాని మీద వచ్చిన 1967 ప్రోటోకాల్, అమెరికాలో 1980 శరణార్థుల చట్టం, వీటన్నిటిలోనూ నిర్వచనం ఒకటే. సొంత దేశానికి వెళితే హింసిస్తారన్న భయం ఉండాలి. ఆ భయానికి ఆధారం ఉండాలి. ఆ హింసకి కారణం ఐదింటిలో ఒకటై ఉండాలి: జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, లేదా ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందడం. హింసించేది ప్రభుత్వమైనా కావాలి, ప్రభుత్వం ఆపలేని, ఆపని మనుషులైనా కావాలి. ఎడ్యుకేషన్ లోన్ కట్టలేకపోవడం, వడ్డీ వ్యాపారి ఇంటిమీదికి రావడం, మధురవాడ స్థలం మీద బాబాయితో గొడవ, ఇక్కడ ఉద్యోగం దొరకకపోవడం, ఇవేవీ ఆ ఐదింటిలోకి రావు. మనకి ఎంత బాధగా ఉన్నా రావు.

అందుకే కన్సల్టెంట్లు కథ రాస్తారు. ఆ కథ దాదాపు ఎప్పుడూ ఒకటే. ఫలానా పార్టీకి పనిచేశాను, ప్రభుత్వం మారింది, అవతలి పార్టీవాళ్ళు కొట్టారు, పోలీసులు కేసు తీసుకోలేదు. ఊరి పేరు, పార్టీ పేరు మారతాయి, అంతే. ఒకే వారంలో ఇద్దరు అబ్బాయిలు, ఒకరు అనకాపల్లి, ఒకరు తెనాలి, ఇద్దరినీ "నలుగురు మనుషులు హాకీ కర్రలతో" కొట్టినట్టు చెప్పడం విన్నాను. తెనాలిలో హాకీ కర్రలు ఎక్కడ దొరుకుతాయో నాకు తెలీదు. అది పంజాబ్ వాళ్ళ కథలోంచి దిగుమతైన కర్ర అని నా అనుమానం. నాకే తెలిసిపోతే, రోజూ అవే వినే ఆఫీసరుకి తెలియదా?

ఇక ఏడెనిమిదేళ్ళు పడుతుందన్న మాట. ఇమిగ్రేషన్ కోర్టుల్లో 30 లక్షలకు పైగా కేసులు పేరుకుపోయిన మాట నిజమే. కానీ మీవాడు మొదట వెళ్ళేది కోర్టుకి కాదు, ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ శాఖ యుఎస్‌సిఐఎస్ అసైలం ఆఫీసుకి. వాళ్ళు 2018 జనవరి నుంచి కొత్తగా వేసినవాళ్ళనే ముందు పిలిచే పద్ధతి పెట్టారు. పాత కేసులు వెనక ఉంటాయి, నిన్న వేసినవాడు ముందు. సరిగ్గా ఈ వర్క్ పర్మిట్ బేరాన్ని దెబ్బతీయడానికే ఆ పద్ధతి తెచ్చామని వాళ్ళే చెప్పారు. అంటే 180 రోజులు నిండకముందే ఇంటర్వ్యూకి పిలుపు రావచ్చు.

పైగా లెక్కలు మారాయి. 2025 జులైలో వచ్చిన చట్టంతో, అంతకుముందు ఉచితంగా ఉన్న అసైలం దరఖాస్తుకి 100 డాలర్ల ఫీజు పెట్టారు. పెండింగ్‌లో ఉన్న ప్రతి ఏడాదికీ మరో 100, మొదటి వర్క్ పర్మిట్‌కి 550. అదే ఏడాది అక్టోబరు 30 నుంచి రెన్యువల్ వేసుకుంటే పాత కార్డు దానంతటదే పొడిగించే సౌకర్యం ఎత్తేశారు. డిసెంబరులో ఐదేళ్ళ కార్డుని 18 నెలలకి తగ్గించారు. నవంబరు చివర్లో వాషింగ్టన్‌లో నేషనల్ గార్డ్ సైనికుల మీద కాల్పులు జరిగాక అసైలం ఆఫీసుల్లో నిర్ణయాలనే ఆపేశారు. కన్సల్టెంట్ దగ్గర ఉన్న లెక్క మూడేళ్ళ కిందటిది.

మీవాడి కేసులో ఇంకో చిక్కు. అమెరికాలో అడుగుపెట్టిన ఏడాదిలోపు అసైలం వేయాలి. మీవాడు 2022లో వెళ్ళాడు. దీనికి మినహాయింపులున్నాయి. మన దేశంలో పరిస్థితి కొత్తగా మారితే ఒకటి. నిన్నమొన్నటిదాకా చట్టబద్ధమైన స్టేటస్‌లో ఉండి, అది పోయిన తర్వాత సమంజసమైన గడువులో వేస్తే ఇంకొకటి. ఆరు నెలలు దాటాక వేస్తే సమంజసం అనిపించుకోవడం చాలా కష్టం. మీవాడికి నాలుగు నెలలు గడిచాయి కాబట్టి సాంకేతికంగా తలుపు పూర్తిగా మూసుకోలేదు. కానీ ఆ తలుపు నిజంగా భయం ఉన్నవాడికోసం.

ఆ ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో చెబితే, రాసిచ్చిన కథ ఎందుకు నిలబడదో అర్థమవుతుంది. చిన్న గది, ఒక టేబుల్, కంప్యూటర్ ముందు ఆఫీసరు. కోర్టులో అయితే దుభాషిని వాళ్ళే ఇస్తారు, ఇక్కడ 2023 సెప్టెంబరు నుంచి మనమే తెచ్చుకోవాలి. తీసుకెళ్ళకపోతే హాజరు కానట్టే. ఆఫీసరు గట్టిగా అరవడు, బెదిరించడు. మంచినీళ్ళు కావాలా అని కూడా అడుగుతాడు. ఆ రోజు ఏం వారం, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఆస్పత్రికి ఎలా వెళ్ళారు, ఆటోలోనా బండి మీదా, ఆ ఆటో ఎక్కడ ఎక్కారు, ఇలా అడుగుతూ టైప్ చేసుకుంటూ పోతాడు. నిజంగా దెబ్బలు తిన్నవాడు తేదీ మరిచిపోతాడు గానీ ఆటోవాడు డబ్బులు తీసుకోలేదన్న సంగతి మరిచిపోడు. కథ బట్టీ పట్టినవాడికి తేదీ గుర్తుంటుంది, ఆటో ఉండదు.

2005లో వచ్చిన రియల్ ఐడీ చట్టం ప్రకారం చిన్న పొంతనలేమిని కూడా నమ్మకం లేదనడానికి ఆధారంగా తీసుకోవచ్చు. ఒక అబ్బాయి 2021 జనవరిలో రెండు వారాలు బంధువుల ఇంట్లో దాక్కున్నానని చెప్పాడు. ప్రభుత్వ లాయరు ఒక కాగితం తీసి జడ్జి ముందు పెట్టింది. అదే సంక్రాంతికి భీమిలి బీచ్‌లో, కొత్త చొక్కా, చేతిలో చెరకు గడ, వెనక ఆరుగురు ఫ్రెండ్స్. ఫేస్‌బుక్ ఫొటో. వీసాకి వేసుకునే డీఎస్-160 ఫారంలో 2019 నుంచి సోషల్ మీడియా ఖాతాలు మనమే రాసిస్తున్నాం కదా. ఆ లాయరు అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఇది మీరేనా?" దాన్ని నేను తెలుగులో చెప్పాలి. చెప్పాను. ఆ కుర్రాడు నావైపు చూశాడు, నేనేదో సాయం చేస్తానన్నట్టు.

నిజం చెప్పేవాళ్ళకి కూడా మన భాష ప్రమాదం తెస్తుంది, ఆ సంగతి ఎవరూ రాయగా నేను చూడలేదు. ఐ-589లో తోబుట్టువులందరి పేర్లూ రాయాలి. ఒకాయన ఒక చెల్లెలు అని రాశాడు. ఇంటర్వ్యూలో "వాళ్ళు మా అన్నయ్యని కొట్టారండీ" అన్నాడు. ఆఫీసరు వేళ్ళు ఆగాయి. ఫారంలో అన్నయ్య లేడే? పెదనాన్న కొడుకు అన్నయ్యే అవుతాడు మనకి. ఇంగ్లీషులో బ్రదర్ అనగానే అబద్ధం దొరికినట్టయింది. సర్దుబాటు చేసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. "మొన్న" అంటే నిన్నటి ముందు రోజా, ఈమధ్యనా, పోయిన ఎన్నికలప్పుడా? మనకి మూడూ మొన్నే. "అంతు చూస్తాం" అన్నది బెదిరింపా, మామూలు తిట్టా? శ్రీకాకుళం ఆయన "మా గుంటని ఎత్తుకుపోతామన్నారు" అంటే, ఫోన్లో ఉన్న వేరే జిల్లా దుభాషి గొయ్యి అనుకుని గందరగోళపడ్డాడని ఒక లాయరు చెప్పి నవ్వాడు. ఆ తండ్రికి అది నవ్వే విషయం కాదు. ఆయన చెబుతున్నది కూతురి గురించి.

నిజమైన అసైలం కేసులు మనవాళ్ళలో లేవనుకోకండి. ఇంట్లోవాళ్ళకి ఇష్టంలేని పెళ్ళి చేసుకున్న ఒక జంట కేసు చేశాను. ఇక్కడే మన జిల్లాల పిల్ల. ఆఫీసరు ఇండియా కేసులన్నిటిలో అడిగే ప్రశ్నే అడిగాడు: మీ ఊళ్ళో ప్రమాదమైతే వేరే ఊరు వెళ్ళి బతకొచ్చు కదా, అంత పెద్ద దేశం? ఇక్కడే మన కేసులు చాలావరకు కూలిపోతాయి. హింసించేది ప్రభుత్వం కాకుండా సొంత మనుషులైతే, వేరే చోట కూడా బతకలేనని రుజువు చేయాల్సిన భారం చాలాసార్లు అడిగినవాడిదే. ఆ అమ్మాయి దగ్గర జవాబుంది. వాళ్ళు హైదరాబాద్ వెళ్ళారు, అన్నలు అక్కడికి వచ్చారు. పుణె వెళ్ళారు, అద్దె ఇంటి ఓనరుకి ఫోన్ వచ్చింది. రెండు చోట్లా ఇచ్చిన ఫిర్యాదుల కాపీలు, ఓనరు ఖాళీ చేయమని పెట్టిన మెసేజీ, అన్నీ వరసగా పెట్టుకుంది. అమెరికా సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది, పదింట ఒక వంతు అవకాశం ఉన్నా భయానికి ఆధారం ఉన్నట్టేనని. ఆమెకి వచ్చింది. మీవాడికి నిజంగా ఇలాంటి కారణం ఏదైనా ఉండి మీ దగ్గర దాస్తున్నాడేమో, ఒకసారి మీరు కాకుండా వాళ్ళమ్మ చేత అడిగించండి. కొన్ని సంగతులు తండ్రికి చెప్పరు. అలాంటిది ఉంటే నేను పైన రాసిందంతా పక్కనపెట్టి వెంటనే మంచి లాయర్ని పట్టుకోమనండి.

లేదంటే మాత్రం అబద్ధం ఖరీదు వినండి. కావాలని కల్పించిన కథ అని జడ్జి తేలిస్తే, దాన్ని వాళ్ళు ఫ్రివలస్ అంటారు, ఇక జన్మలో అమెరికాలో ఏ ఇమిగ్రేషన్ లాభమూ ఉండదు. రేపు అమెరికా పౌరురాలిని పెళ్ళి చేసుకున్నా గ్రీన్ కార్డు రాదు. ఆ హెచ్చరిక ఐ-589 మీదే అచ్చేసి ఉంటుంది, కింద సంతకం మీవాడిది. ఫారం చివర తయారుచేసినవాళ్ళు సంతకం పెట్టే చోటు కూడా ఉంటుంది. మీ కన్సల్టెంట్‌ని అక్కడ సంతకం పెడతావా అని అడగమనండి. నేను చూసినంతవరకు కథలు రాసేవాళ్ళెవరూ పెట్టరు.

ఇంకో ఖరీదు ఉంది, అది కన్సల్టెంట్ లెక్కలోకే రాదు. సొంత దేశం వెళితే ప్రాణభయం అని రాసిచ్చి, ఆ దేశానికే వెళ్ళొస్తే కేసు వదులుకున్నట్టు లెక్క. ముందుగా అనుమతి తీసుకుని వెళ్ళినా, ఇండియాకే వెళ్ళాడంటే అదే అనుకుంటారు, ఎందుకు వెళ్ళాడో అతనే రుజువు చేసుకోవాలి. ఎడిసన్‌లో ఒక కుర్రాడు, తండ్రి పోతే జ్ఞానాపురం శ్మశానంలో తమ్ముడు తలకొరివి పెడుతుంటే ఫోన్‌లో చూశాడు. అక్కడ రాత్రి రెండు. నేను, ఇంకో ఇద్దరం పక్కన కూర్చున్నాం. సిగ్నల్ పోయి చితి దగ్గర బొమ్మ ఆగిపోయింది, వాడు ఫోన్ కింద పెట్టలేదు. మీరు బైపాస్ అయిన మనిషి. మీకు నూరేళ్ళు ఉండాలి, కానీ ఈ సంగతి మీరు లెక్కలో వేసుకోవాలి.

ఇక రెండో ప్రశ్న, డిపోర్టేషన్. టీవీలో చూసింది 2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌లో దిగిన సైనిక విమానం. అందులో 104 మంది. చేతులకి, కాళ్ళకి సంకెళ్ళు వేసి తెచ్చారన్నది నిజం. పార్లమెంటులో విదేశాంగ మంత్రి జైశంకర్ చెప్పిన లెక్క ప్రకారం 2009 నుంచి అమెరికా వెనక్కి పంపిన భారతీయులు 15 వేలకు పైనే. అంటే ఇది కొత్తగా మొదలైంది కాదు, కొత్తగా కనబడింది. ఆ విమానంలో ఎక్కువమంది సరిహద్దు దాటి దొంగదారిన వెళ్ళినవాళ్ళు. మీవాడు వీసా మీద, విమానాశ్రయంలో స్టాంపు వేయించుకుని వెళ్ళాడు. చట్టం దృష్టిలో ఇద్దరూ వేరు.

వీసా మీద వెళ్ళినవాడిని మామూలుగా పట్టుకున్న మర్నాడే విమానం ఎక్కించలేరు. మొదట నోటీస్ టు అప్పియర్ ఇవ్వాలి, అందరూ ఎన్‌టిఏ అంటారు. నీ మీద ప్రభుత్వం మోపిన ఆరోపణ ఇదీ, జడ్జి ముందుకు రా అని. తర్వాత మొదటి వాయిదా, అది పది నిమిషాల పని. ఆ తర్వాత అసలు విచారణ. ఓడితే అప్పీల్ బోర్డు, ఆ పైన ఫెడరల్ కోర్టు. ఫెడరల్ కోర్టుకి 30 రోజులే గడువు. ఒక సంగతి మనవాళ్ళకి చెబితే నమ్మరు: ఈ ఇమిగ్రేషన్ జడ్జీలు న్యాయవ్యవస్థలో భాగం కారు. నల్లకోటు వేసుకున్నా న్యాయశాఖ ఉద్యోగులే, అంటే ప్రభుత్వం మారితే వాళ్ళ మీద ఒత్తిడి మారుతుంది. పైగా ఆ కోర్టుల్లో సర్కారు ఖర్చుతో లాయర్ని ఇవ్వరు. డబ్బుంటే పెట్టుకో, లేకపోతే నువ్వే మాట్లాడుకో.

నేను చూసిన డిపోర్టేషన్ ఆర్డర్లలో అన్నిటికంటే పాపం అనిపించేవి వాయిదాకి వెళ్ళకపోవడం వల్ల వచ్చినవి. ఇల్లు మారతారు, అడ్రస్ మార్పించరు. నోటీసు పాత అపార్ట్‌మెంట్‌కి వెళుతుంది, రూమ్మేట్ దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి మరిచిపోతాడు. జడ్జి అతను లేకుండానే ఆర్డర్ ఇచ్చేస్తాడు, ఆ పైన పదేళ్ళు చాలా దారులు మూసుకుంటాయి. ఇల్లు మారిన పది రోజుల్లో ఏఆర్-11 అనే అడ్రస్ మార్పు ఫారం వేయాలి. కేసు కోర్టులో ఉంటే కోర్టుకి వేరుగా ఐదు పనిరోజుల్లో చెప్పాలి. ఇప్పుడు భయంతో కోర్టుకి వెళ్ళడం మానేసేవాళ్ళు పెరిగారు. గుమ్మం దగ్గరే అరెస్టు చేస్తున్నారన్న వార్తలు విని. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ వెళ్ళకపోతే ఆర్డర్ ఖాయం.

అసైలం ఇక్కడ ఎలా ముడిపడుతుందంటే, స్టేటస్ ఉన్నవాడు వేసి ఓడితే తిరస్కరించి వదిలేస్తారు. స్టేటస్ లేనివాడు ఓడితే ఆ ఫైలుని అలాగే ఎన్‌టిఏతో కోర్టుకి పంపుతారు. అంటే ఈ రోజు మీవాడి పేరు మీద డిపోర్టేషన్ కేసు లేదు. 6,000 డాలర్లు కట్టి ఆ కేసుని మీరే తెచ్చుకున్నవారవుతారు.

మరి ఏం చేయాలి? ఎఫ్-1 మీద వెళ్ళినవాళ్ళకి ఐ-94 మీద, అంటే దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే రికార్డు మీద, వెళ్ళిపోవాల్సిన తేదీ ఉండదు, డీ/ఎస్ అని ఉంటుంది, అంటే స్టేటస్ ఉన్నంతకాలం అని. దాని వల్ల పెద్ద మేలు ఒకటుంది. స్టేటస్ పోయినా, యుఎస్‌సిఐఎస్ గానీ జడ్జి గానీ ప్రత్యేకంగా నిర్ణయించేదాకా "అక్రమ నివాసం" రోజుల లెక్క మొదలవదు. ఆ లెక్క 180 రోజులు దాటి బయటికి వస్తే మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు మళ్ళీ రానివ్వరు. మీవాడి మీటరు ఇంకా తిరగడం లేదు. ముందు ఆ ఐ-94 చూడమనండి.

అతనికున్న మొదటి దారి రీఇన్‌స్టేట్‌మెంట్, అంటే పోయిన ఎఫ్-1 స్టేటస్‌ని తిరిగి తెచ్చుకోవడం. స్టేటస్ పోయిన ఐదు నెలల్లోపు వేయాలి. మీకు ఉన్నది ఒక్క నెల. కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారం చూసే అధికారి, డీఎస్‌ఓ అంటారు, కొత్త ఐ-20 (కాలేజీ ఇచ్చే అర్హత పత్రం) ఇస్తే ఐ-539 ఫారం వేసుకోవాలి. తప్పు తన చేతిలో లేని కారణం వల్ల జరిగిందని చూపాలి. డబ్బు లేకపోవడం ఒక్కటే అంటే ఒప్పుకోరు, అయితే మీ ఆపరేషన్ వల్ల అనుకోకుండా వచ్చిన ఇబ్బంది అని కాగితాలతో చూపొచ్చు. కేజీహెచ్ అయినా ప్రైవేటైనా, డిశ్చార్జ్ సమరీ, బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్, తేదీలు ఫీజు గడువుతో సరిపోలేట్టు పెట్టండి. ఈ నాలుగు నెలల్లో గ్యాస్ స్టేషన్లోనో రెస్టారెంట్లోనో క్యాష్ మీద పని చేశాడా అన్నది అసలు ప్రశ్న. చేసి ఉంటే ఈ దారి దాదాపు మూసుకున్నట్టే. మీతో కాకపోయినా లాయరుతో నిజం చెప్పమనండి. దీన్లో కూడా రిస్కుంది. తిరస్కరిస్తే అప్పుడు రోజుల లెక్క మొదలవుతుంది, ఎన్‌టిఏ కూడా రావచ్చు. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దుచేసి, కోర్టులు చీవాట్లు పెట్టాక తిరిగి పెట్టినప్పటి నుంచి కాలేజీల్లో డీఎస్‌ఓలు కూడా భయంగానే ఉన్నారు.

కొత్త కాలేజీలో చేరుస్తాం, అటెండెన్స్ అక్కర్లేదు అని ఎవరైనా అంటే ఫార్మింగ్టన్ గుర్తుచేయండి. మిషిగన్‌లో ప్రభుత్వమే నడిపిన బూటకపు యూనివర్సిటీ అది, 2019 జనవరిలో మొదట పట్టుబడ్డ 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, అందులో మన తెలుగువాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. అంతకుముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ అనే మోసపు యూనివర్సిటీ, పిల్లల కాళ్ళకి ఎలక్ట్రానిక్ పట్టీలు.

రెండో దారి, ఏ ఆర్డరూ రాకముందే తనంతట తాను విమానం ఎక్కి వచ్చేయడం. మన ఊళ్ళో దీన్ని ఓడిపోయి రావడం అంటారని నాకు తెలుసు, పక్కింటివాళ్ళు అడిగే ప్రశ్నలూ తెలుసు. చట్టం లెక్కలో మాత్రం ఇది శుభ్రమైన రికార్డు. డిపోర్టేషన్ ఆర్డర్ లేదు, మూడేళ్ళ నిషేధం లేదు. రేపు కొత్త ఐ-20తో హైదరాబాద్ కాన్సులేట్‌కి వెళ్ళొచ్చు, స్టేటస్ ఎందుకు పోయిందో చెప్పాలి, ఇస్తారని హామీ లేదు, కానీ అడిగే హక్కుంటుంది. కేసు మొదలయ్యాక కూడా జడ్జిని అడిగి వాలంటరీ డిపార్చర్, అంటే తనంతట తాను వెళ్ళిపోయే అనుమతి, తీసుకోవచ్చు, విచారణ ముగియకముందే అయితే 120 రోజుల వరకు గడువిస్తారు, ముగిసేటప్పుడైతే 60. ఇచ్చిన గడువులో బయల్దేరకపోతే అది కూడా డిపోర్టేషన్ ఆర్డరైపోతుంది. నా మనసులో మాట అడిగితే, క్యాష్ పని చేసి ఉంటే రెండో దారి, లేకపోతే మొదటి దారి ప్రయత్నించి చూడటం.

ఇంగ్లండ్ వెళ్ళిన మీ మేనల్లుడి గురించి కూడా ఒక వాక్యం అడిగారు. అక్కడ అసైలం వేస్తే ఏడాదిదాకా పనే చేయనివ్వరు, ఆ తర్వాత కూడా కొన్ని ఉద్యోగాలకే. కథ చెప్పి సంపాదించుకునే దారి కాదది. ఇంగ్లండ్‌కి వర్తించదు గానీ, యూరోపియన్ యూనియన్ దేశాల కోసం యూరోపియన్ కమిషన్ 2025 ఏప్రిల్‌లో ప్రతిపాదించిన "సురక్షిత దేశాల" జాబితాలో ఇండియా ఉంది. మన దేశం సంగతికొస్తే, 1951 ఒప్పందం మీద మనం అసలు సంతకమే పెట్టలేదు. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వలస, విదేశీయుల చట్టం కింద వీసా దాటి ఉంటే మూడేళ్ళ వరకు జైలు, మూడు లక్షల వరకు జరిమానా. మన ఏయూ హాస్టల్లో ఉన్న ఆఫ్రికా కుర్రాళ్ళని అడగండి, గడువు దగ్గరపడితే వాళ్ళకీ మీవాడికున్న టెన్షనే.

ఒకవేళ, దేవుడి దయవల్ల ఆ అవసరం రాకూడదు, పట్టుకుంటే మీరిక్కడ ఏం చేయగలరో చెబుతాను. ఏ-నంబరు, అంటే ఇమిగ్రేషన్‌వాళ్ళు మనిషికిచ్చే ఫైలు నంబరు, వచ్చిందంటే దాన్ని ఫోన్లో కాదు, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆ నంబరు, పుట్టిన దేశం ఇస్తే డిటెన్షన్‌లో ఎక్కడ ఉన్నాడో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. వీసా మీద వెళ్ళినవాడు కాబట్టి మామూలుగా బాండ్ (బెయిల్ లాంటిది) అడగవచ్చు, చట్టం ప్రకారం కనీసం 1,500 డాలర్లు, మామూలుగా చాలా ఎక్కువే వేస్తారు. మన కాన్సులేట్‌కి చెప్పమని అడిగే హక్కు 1963 వియన్నా ఒప్పందం ఇచ్చింది, కానీ అడగాల్సింది వాడే. పాస్‌పోర్టు లేకపోతే కాన్సులేట్ ఒకసారి ప్రయాణానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. దానికి ముందు మనవాడేనా అని ఇక్కడ విచారణ జరగొచ్చు. లోకల్ స్టేషన్ నుంచి కానిస్టేబుల్ ఫొటో పట్టుకుని వస్తే కంగారుపడి "మాకేం తెలీదు" అనకండి. అలా అన్న ఒక తల్లి కొడుకు డిటెన్షన్‌లో మరో రెండు నెలలు ఉన్నాడు. ఆవిడ కొడుకుని కాపాడుతున్నాననుకుంది.

ప్రస్తుతానికి కాగితాలు. మీ డిశ్చార్జ్ సమరీ, ఫీజు కట్టాల్సిన గడువు తేదీ ఉన్న మెయిల్, సెవిస్ రద్దయిన తేదీ ఉన్న మెయిల్, ఐ-94, పాత ఐ-20లు అన్నీ స్కాన్ చేసి ఈరోజే అబ్బాయికి పంపండి. అక్కడ ఎండాకాలపు టైము నడిచే నెలల్లో మనకి రాత్రి ఏడున్నర అయితే డాలస్‌లో ఉదయం తొమ్మిది, కాలేజీ ఆఫీసు తీసే వేళ. ఆ టైముకి ఫోన్ చేసి, కన్సల్టెంట్ పేరు ఎత్తకుండా, ముందు డీఎస్‌ఓ దగ్గరికి వెళ్ళమనండి. వాళ్ళమ్మని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.